పోతకు సరిపోయిన ముఖం

ఆమె కదలదు. ఆ ఒక్క విషయం మీద ఆ చిత్రకళా కళాశాలలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. తక్కిన అన్నిటి మీదా ఉంది.

రెండో అంతస్తులో ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని కింద జానెడెత్తు చెక్క వేదిక, వేదిక మీద నిటారు వీపు కుర్చీ, ఆ కుర్చీలో ఆమె. చుట్టూ అర్ధచంద్రంలా ముప్ఫై మంది పిల్లలు, ముప్ఫై బోర్డులు, బొగ్గు నలుపెక్కిన ముప్ఫై జతల చేతులు. ఉదయం తొమ్మిదింటికి కూర్చుంటే పన్నెండున్నరకు లేస్తుంది. నలభై నిమిషాలకోసారి గంట కొట్టి పది నిమిషాలు విరామం ఇస్తారు. గంట కొట్టడం మరిచిపోతే సాయంత్రం దాకా అలాగే ఉంటుందని పిల్లలు అనేవారు. వాళ్ళు పెట్టిన పేరే రాయి పిన్ని. గేటు దగ్గర కాపలా మనిషి కూడా "రాయి పిన్ని ఇంకా రాలేదే" అని గడియారం చూసుకునేవాడు.

ఆమె గురించి కథలకు కొదవ లేదు. ఒక ఈగ ఆమె ముక్కు కొన మీద వాలి, ఎడమ చెంప మీదుగా చెవి దాకా నడిచి, మళ్ళీ ముక్కు దగ్గరికి వచ్చి, పందొమ్మిది నిమిషాల తర్వాత తనకే విసుగు పుట్టి లేచిపోయింది. తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన ఆమెను బొమ్మనుకుని తడిసిన గొడుగు మోచేతికి తగిలించి, అరగంట ఉపన్యసించి, వెళ్తూ వెళ్తూ గొడుగు తీసుకుంటుంటే "జాగ్రత్త బాబూ, బయట ఇంకా పడుతోంది" అన్న మాట వినిపించి మెట్ల మీద కూలబడ్డాడు. ఒక పావురం కిటికీలోంచి వచ్చి ఆమె ముడి మీద గూడు కట్టుకోవడానికి రెండు పుల్లలు తెచ్చి పెట్టింది. మూడోది తెచ్చేలోపు గంట కొట్టారు గానీ, లేకపోతే ఆ పరీక్షలకల్లా గుడ్లు పెట్టేది. వీటిలో ఎన్ని పాళ్ళు నిజమో ఆమెను అడిగితే, "గొడుగు సంగతి నిజం. పావురం మూడో పుల్ల కూడా తెచ్చింది" అనేది.

అంతకు ముందు పదకొండేళ్ళు ఆమె ఒక పెద్ద హోటలు లాండ్రీలో ఇస్త్రీ చేసింది. దుప్పట్లు, బల్లల మీద పరిచే గుడ్డలు, వడ్డించేవాళ్ళ చొక్కాలు. ఇస్త్రీ యంత్రాలు వచ్చాక మనుషులను పంపేశారు. ఆ లాండ్రీలోనే బట్టలిచ్చే కళాశాల గుమాస్తా, "ఉత్తినే కూర్చునే ఉద్యోగం ఉంది, వస్తావా?" అని అడిగాడు.

"ఉత్తినే కూర్చుని ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు."

"ఇన్నేళ్ళూ ఈ ఉద్యోగం ఎక్కడ దాచి పెట్టారండీ?" అంది ఆమె.

మొదటి రోజు మధ్యాహ్నానికే తెలిసొచ్చింది, ఏమీ చెయ్యకుండా ఉండటం కంటే నూరు దుప్పట్లు ఇస్త్రీ చెయ్యడం నయమని. అయినా నేర్చుకుంది. ఒళ్ళు ఎక్కడ లాగుతుందో అక్కడికి ఊపిరి పంపడం, దురద పుడితే దానితో మాట్లాడి బుజ్జగించడం, కాలు తిమ్మిరెక్కితే అది పక్కింటావిడ కాలనుకోవడం. ఎనిమిదేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆమెకు యాభై నాలుగు.

ఆ తరగతి మాస్టారికి ఒక పద్ధతి ఉంది. మనిషిని గీయడానికి ముందు మనిషి పోతను, అచ్చులో పోసిన బొమ్మను, గీయాలి. ఆమె చేరిన వారమే ముఖానికి నూనె రాసి, ముక్కుల్లో రెండు గొట్టాలు పెట్టి, తడి ప్లాస్టరు కప్పి, ఆమె తలకు అచ్చు తీశారు. ఆ అచ్చులో పోసిన తెల్లటి తల వేదిక పక్కనే బల్ల మీద ఉంటుంది. పిల్లలు దాన్ని "పిన్ని చెల్లెలు" అంటారు. ఎనిమిదేళ్ళుగా పిన్నికి వయసు పెరుగుతోంది, చెల్లెలికి పెరగడం లేదు. మొదటి ఏడాది పిల్లలు చెల్లెల్ని గీస్తారు, ఎముకలన్నీ కంఠతా వచ్చాక రెండో ఏడాది అక్కను గీస్తారు. గీసిన బొమ్మను మాస్టారు రెండు కాళ్ళ ఇనప కొలబద్ద పెట్టి పోతతో సరిచూస్తాడు.

"మనిషి అలిసిపోతుంది. దిగులు పడుతుంది. పొద్దున లేస్తే ముఖం ఉబ్బుతుంది. పోతకు ఆ గొడవలేవీ లేవు. అనుమానం వస్తే పోతను అడగండి," అనేవాడు. చెడ్డవాడు కాదు. పేద పిల్లలకు కాగితాలు తనే కొనిపెట్టేవాడు. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం.

ఆ పద్ధతితో ఒక చిక్కుంది. కూర్చున్న మనిషి ముఖం పోతకు సరిపోవాలి. ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నది ఒక ముసలి పోస్టుమాన్. బోసి నోరు, లోపలికి పోయిన బుగ్గలు, గీయడానికి బంగారం లాంటి ముఖం. ఆయన పాపం కొడుకు పోరు పడలేక పళ్ళు కట్టించుకున్నాడు. బుగ్గలు నిండాయి, గడ్డం జరిగింది, పోతతో లెక్క కుదరలేదు. మాస్టారు వారం చూసి నమస్కారం పెట్టి పంపేశాడు. పాపం, నమలడం వచ్చేసరికి నమలడానికేమీ లేకుండా పోయింది. ఆ కథ ఆమెకు గుమాస్తా మొదటి రోజే చెప్పాడు, వేళాకోళంగానే. ఆమె మాత్రం దాన్ని కొంగున ముడేసుకుంది.

శుక్రవారం చివరి గంట బొమ్మలుండవు, చదువుడు ఉంటుంది. ప్రతి విద్యార్థికీ ఒక అనుభవ పుస్తకం ఉండాలి. ఆ వారం నగరంలో ఏం చూశాడు, ఏ బొమ్మ ముందు నిలబడ్డాడు, ఏమనిపించింది, రాసుకొచ్చి పైకి చదవాలి. ఆ గంటకు ఆమె పని లేదు. అయినా బయట బస్సు రద్దీ తగ్గేదాకా వేదిక అంచున కూర్చుని టీ తాగుతూ వినేది.

ఎనిమిదేళ్ళలో ఆమె విన్నన్ని అనుభవాలు ఆ నగరంలో ఇంకెవరూ విని ఉండరు. ఒకడు వంతెన కింద నీళ్ళలో వీధి దీపాలు వణకడం గురించి నాలుగు పేజీలు రాశాడు. ఇంకొకడు జాతీయ చిత్రశాలలో ఎర్రటి బొమ్మ ముందు నిలబడి ఏడ్చానని రాశాడు. ఆ రోజు వాడు కింద క్యాంటీనులో మూడు బన్నులు తింటుండగా ఆమె కళ్ళారా చూసింది. నగరంలో ఒంటరితనం గురించి ఏటా కనీసం పదిమంది రాస్తారు. లక్షలాది ముఖాల మధ్య ఒక్క ముఖమూ తనది కాదని, ఎవరూ ఎవరినీ చూడరని రాస్తారు. రాసి, చదివి, చప్పట్లు కొట్టించుకుని, వేదిక అంచున టీ తాగుతున్న మనిషిని దాటుకుంటూ బయటికి పోతారు. ఆమె గురించి మాత్రం ఎవరూ రాయలేదు. అందుకు ఆమెకు బాధేమీ లేదు. కుర్చీ గురించి కూడా ఎవరూ రాయలేదు కదా.

వానాకాలంలో రెండో ఏడాదిలోకి నేరుగా ఒక కొత్త పిల్ల వచ్చి చేరింది. ఎక్కడో చిన్న ఊళ్ళో దర్జీ కూతురు. పోతను గీసే మొదటి ఏడాది ఆ పిల్ల ఇక్కడ చదవలేదు. బక్కగా, మెడలో ఎప్పుడూ ఒక టేపుతో ఉండేది. బస్సులో సీటు వెడల్పు, క్యాంటీను బల్ల ఎత్తు, ఆఖరికి మాస్టారి మీసం కూడా దూరం నుంచే కొలిచేసేది. రెండో రోజుకే కొలతల పిల్ల అని పేరు పడింది. గీసే ప్రతి కాగితం మూలా తండ్రి చిట్టా పుస్తకంలో రాసినట్టు తేదీ వేసేది.

మూడో వారం మాస్టారు ఆ పిల్ల బోర్డు దగ్గర ఆగాడు. "ఎడమ కన్ను చిన్నదైంది."

"చిన్నగానే ఉంది సార్."

"ఎక్కడ?"

"పిన్నికి."

మాస్టారు వేదిక వైపు తిరగలేదు. బల్ల వైపు తిరిగి, పోత మీద కొలబద్ద పెట్టి, అదే కొలత కాగితం మీద పెట్టి చూపించాడు. "రెండు కళ్ళూ సమానం. నీకు కుర్చీ ఎడమ పక్కన పడింది, వెలుగు అటు తక్కువ. కన్ను మోసపోయింది." తన పెన్సిలు తీసి ఆ కనురెప్పను పైకి దిద్దాడు. పదికి నాలుగు వేశాడు.

కుర్చీలో ఆమె కదలలేదు. కానీ గుండె మాత్రం కాలిన ఇస్త్రీ పెట్టె మీద పడ్డ నీటిబొట్టులా చుయ్యిమంది.

ఆ శుక్రవారం కొలతల పిల్ల లేచి తన అనుభవం చదివింది. వంతెనా లేదు, దీపాలూ లేవు. "ఈ వారం నేను చిత్రశాలకు వెళ్ళలేదు. మా తరగతిలో పిన్నిని చూశాను. ఆమె ఎడమ కనురెప్ప కుడిదానికంటే కిందికి ఉంది. మొదటి వారం ఇంత లేదు. నల్ల గుడ్డులో చుక్క కూడా అటుపక్క చిన్నది. ఎడమ చేతి చిటికెన వేలు మిగతా వేళ్ళతో కలవడం లేదు. మా నాన్న అంటాడు, పాత చొక్కా కొలతతో కొత్త చొక్కా కుట్టకు, మనిషిని పిలిచి కొలువు అని. నేను కొలిచాను. నాకు భయం వేసింది."

వెనక నుంచి ఎవడో, "డాక్టరు గారూ, నా నాలుక కూడా చూడండి!" అన్నాడు. తరగతి గొల్లుమంది.

మాస్టారు కూడా నవ్వాడు. "అమ్మాయ్, ఇది అనుభవం కాదు, ఆసుపత్రి చీటీ. అనుభవం అంటే నీ లోపల ఏం జరిగిందో రాయాలి."

"భయం వేసిందని రాశాను కదా సార్."

"కూర్చో."

ముప్ఫై మంది ఆ కన్నును రోజూ చూశారు. ఇరవై తొమ్మిది మంది పోతను చూసి గీశారు.

ఆమె టీ గ్లాసు కింద పెట్టి, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగింది. ఇంటికి వెళ్ళి గోడకు తగిలించిన చేతి అద్దం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దం అరచెయ్యంత ఉంటుంది, బొట్టుకో దువ్వెనకో తప్ప దానిలో ముఖమంతా ఒకేసారి పట్టదు. కుడి కన్ను చూసింది. ఎడమ కన్ను చూసింది. మళ్ళీ కుడి కన్ను చూసింది.

ఆమె తమ్ముడు దూరపు లారీలు తోలుతాడు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ ఒంటి గదిలో ఉండేది ఆమె, ఆమె మరదలు. మరదలు రొట్టెల కార్ఖానాలో సంచులు కట్టే పని చేస్తుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, గది మాత్రం చిన్నది.

"ఏంటి వదినా, ఈ వయసులో అద్దం వదలట్లేదు? పోస్టుమాన్ గారికి కొత్త పళ్ళొచ్చాయని కబురా?"

"నా కళ్ళు రెండూ ఒకేలా ఉన్నాయా?"

మరదలు గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎడమది కాస్త నిద్రమత్తుగా ఉంది. నీ భుజం నొప్పి ఎలా ఉంది?"

"కుర్చీ నొప్పి అది. అదే పోతుంది."

"నాలుగు నెలలుగా అదే పోతోంది! కూర్చోడానికి డబ్బులిచ్చే కొలువు నీది, నిలబడటానికి ఇచ్చేది నాది. నొప్పి మాత్రం నీకా? ఆసుపత్రికి పద."

"సెలవు పెడితే ఎవరైనా వచ్చి కూర్చుంటారు."

"కూర్చోనీ. ఓ రోజు కూర్చుంటే వాళ్ళకే తెలుస్తుంది."

ఆమె వెళ్ళలేదు. మర్నాటి నుంచి జుట్టు ఎడమవైపు బిగించి దువ్వి, కణత దగ్గర చర్మం పైకి లాగేలా ముడి వేసి, రెండు పిన్నులు గుచ్చడం మొదలుపెట్టింది. రెప్ప కాస్త లేచింది. మధ్యాహ్నానికి తల పగిలిపోయేది. వేదిక మీద కుర్చీని వేలెడు వేలెడు చొప్పున తిప్పుకుని కుడి చెంప వెలుగుకి పెట్టింది. ఇన్ని చేసినా ఆ పిల్ల కాగితం మీద మాత్రం ఎడమ కన్ను వాలిపోతూనే ఉంది. మాస్టారు దిద్దుతూనే ఉన్నాడు. నాలుగు, నాలుగు, మూడున్నర.

ఒక సాయంత్రం బస్సు స్టాపులో ఆమె ఆ పిల్లను పట్టుకుంది. చినుకులు పడుతున్నాయి. ఇద్దరూ ఒకే రేకు కింద నిలబడ్డారు.

"ఏమ్మా, నా మీద నీకేం పగ?"

"పగేంటి పిన్నీ!"

"మరి నా కన్ను వదలవేం? అందరూ బాగానే గీస్తున్నారు కదా."

"వాళ్ళు నిన్ను గీయట్లేదు పిన్నీ, నీ చెల్లెల్ని గీస్తున్నారు."

"గీయనీ. దాని ముఖం ఉన్నన్నాళ్ళే నాకు కూడు. నీ బొమ్మలు చూసి చూసి ఏదో ఒకరోజు మాస్టారు తల ఇటు తిప్పుతాడు. తిప్పాడా, పోస్టుమాన్ వెనకాలే నేనూ."

పిల్ల టేపు కొసను వేలికి చుట్టుకుంది. "డాక్టరుకి చూపించు పిన్నీ. చూపిస్తే ఆపేస్తాను."

"పరీక్షలయ్యాక చూపిస్తా. ఒట్టు. అప్పటిదాకా కాస్త తెరిచి గియ్యమ్మా. నీకేం పోతుంది? గీత ఒక్కటి పైకి. పైగా నీకూ మార్కులొస్తాయి."

బస్సు వచ్చింది. పిల్ల ఎక్కలేదు. ఆమె కూడా ఎక్కలేదు. రెండో బస్సు వచ్చే వేళకు పిల్ల నెమ్మదిగా తలూపింది.

ఆ సోమవారం కొలతల పిల్ల ఎడమ కన్ను తెరిచి గీసింది. మాస్టారు కొలబద్ద పెట్టి చూసి, "ఇప్పుడు చూడటం వచ్చింది నీకు," అన్నాడు. పదికి ఎనిమిది. పిల్ల ముఖంలో సంతోషం లేదు. కుర్చీలో ఆమె మాత్రం ఎనిమిది తనకే వచ్చినట్టు ఊపిరి వదిలింది.

చలికాలం గడిచింది. చిటికెన వేలు మొద్దుబారింది, దాని పక్క వేలు దానికి తోడు పోయింది. ఒకరోజు ఎడమచేత్తో పట్టుకున్న టీ గ్లాసు, పట్టుకున్నాననే అనుకుంటుండగానే నేల మీద ముక్కలైంది. నొప్పి వీపు లోంచి చంకలోకి, చంక లోంచి మోచేతి దాకా దిగింది. పరీక్షలు అయ్యాయి. అయ్యాక వార్షిక ప్రదర్శన ఉందని, దానికి పెద్ద బొమ్మలు గీయాలని, అది కూడా అయ్యాక అని ఆమె వాయిదా వేసింది. తర్వాత దగ్గు మొదలైంది. దగ్గును బుజ్జగించడం ఆమెకు చేతకాలేదు. నలభై నిమిషాల్లో మూడుసార్లు కదిలింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఒక కుర్రాడు "పిన్నీ, కదిలావు" అన్నాడు. ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆ ఆదివారం దగ్గుతో గుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది. మరదలు ఒక్క మాట మాట్లాడలేదు. దానికే భయమేసింది ఆమెకు. మర్నాడు మరదలు కార్ఖానా మానేసి, వదిన చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రిలో వరసలో నిలబెట్టింది.

రెండు రోజులు ఫొటోలు తీశారు, రక్తం తీశారు, సన్నటి సూదితో వీపులోంచి ముక్క తీశారు. వారం తర్వాత డాక్టరు పిలిచి కూర్చోమన్నాడు. చిన్నవాడే, కళ్ళ కింద నిద్రలేమి. "ఈ రెప్ప ఎప్పటి నుంచి వాలింది?"

"పదిహేను రోజులైంది బాబూ," అంది ఆమె.

"నీ మొహం!" అంది మరదలు. "వానాకాలంలోనే అద్దం పట్టుకుని కూర్చుంది డాక్టరు గారూ."

"పాత ఫొటోలేమైనా ఉన్నాయా? పోల్చి చూస్తే తెలుస్తుంది."

వదినా మరదళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఆ నగరంలో ఆమె బొమ్మలు ఏ మూల చూసినా వేలకొద్దీ ఉంటాయి. అటకల మీద, మంచాల కింద, ఎవరెవరి ఇళ్ళ గోడల మీదో. ఫొటో మాత్రం ఒక్కటీ లేదు.

"ఫొటో లేదు గానీ, తేదీలేసి గీసిన పిల్ల ఉంది," అంది మరదలు, వదిన చెప్పగా విన్నది గుర్తొచ్చి.

మర్నాడు కొలతల పిల్ల తన పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది. డాక్టరు మొదటి పేజీ తిప్పాడు, రెండోది తిప్పాడు, మూడో వారం బొమ్మ దగ్గర ఆగాడు. మాస్టారి దిద్దుబాటు గీత కింద పిల్ల గీసిన అసలు రెప్ప ఇంకా కనిపిస్తూనే ఉంది. తేదీ చదివాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "ఏడు నెలలు," అన్నాడు.

తర్వాత పేజీలు తిప్పాడు. రెప్ప ఇంకా కిందికి, ఇంకా కిందికి. అక్కడి నుంచి హఠాత్తుగా రెండు కళ్ళూ తెరుచుకున్నాయి. వారం తర్వాత వారం, చక్కగా, సమానంగా. డాక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. "మధ్యలో తగ్గిందా? ఇది తగ్గేది కాదే."

పిల్ల ఆ పేజీ మీద చెయ్యి పెట్టింది. "తగ్గలేదు సార్. నేనే తెరిచాను."

"నేనే తెరవమన్నాను బాబూ," అంది ఆమె. "ఆ పిల్లనేమీ అనకండి."

డాక్టరు పుస్తకం మూసి, వచ్చీరాని గీతలతో ఒక కాగితం మీద ఊపిరితిత్తి బొమ్మ గీశాడు. పై కొసన ఒక గుండ్రం పెట్టాడు. కంటికి వెళ్ళే నరం ఆ పక్కనుంచే పోతుందట, చేతికి వెళ్ళేవీ అక్కడివేనట. గడ్డ అక్కడ పెరిగితే మొదట కన్నే చెబుతుందట. "ఆ మూడో వారం పేజీ నాటికి వచ్చి ఉంటే," అని మూసిన పుస్తకం మీద వేలు పెట్టాడు, "కోసి తీసేవాళ్ళం. ఇప్పుడు వెన్నులోకి వెళ్ళింది. నొప్పి తగ్గడానికి కిరణాలు పెడతాం. ఆరు వారాలు రావాలి."

"ఆ తర్వాత?" అంది మరదలు.

"ముందు ఆరు వారాలు రానివ్వండి."

బయటి వరండాలో మరదలు బల్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. "కుర్చీ పోతుందని ప్రాణం తాకట్టు పెట్టావా వదినా? నా రొట్టెలు నీకు చాలవా? ఇద్దరికీ కలిపి అక్కడ ఇన్ని మాడిన రొట్టెలు పారేస్తారే!"

"మాడినవి నాకు అరగవు," అంది ఆమె. ఆ మాటకు మరదలికి నవ్వు రాబోయి, రాలేక, ఇంకా గట్టిగా ఏడుపైంది. పిల్ల గోడకు ఆనుకుని పుస్తకం కావిలించుకుని నిలబడింది. ఆ పిల్లకేసి చూసే ధైర్యం ఆమెకు చాలలేదు. నాలుగు మార్కులు వచ్చిన రోజున ఆ పిల్ల ఒక్కతే నిజం చెప్పింది. చెప్పినదాని నోరు తను మూయించింది.

ఆరు వారాలు రోజూ చల్లటి గదిలో గట్టి బల్ల మీద పడుకుంది. యంత్రం నడిపే మనిషి, "ఇంత కదలకుండా పడుకున్నవాళ్ళను నేను చూడలేదమ్మా" అని మెచ్చుకున్నాడు. ఇంకో రోజైతే ఆమెకు గర్వం కలిగేది.

వారం రోజులకే కుర్చీలోకి కొత్త మనిషి వచ్చిందని, అచ్చు తీశారని గుమాస్తా వచ్చి చెప్పాడు. మాస్టారు రాలేదు. పళ్ళ సంచీ పంపించాడు.

ఆరో వారం అయ్యాక, ప్రదర్శన ఆఖరి రోజున, ఆమె వెళ్తానంది. మరదలు వద్దని పోట్లాడి, ఓడిపోయి, ఆటో పిలిచింది. పెద్ద హాలు. తెల్లటి గోడలు. గుంపులు గుంపులుగా జనం. మొదటి బహుమతి రిబ్బను తగిలించిన బొమ్మ ఎదురుగోడ మధ్యలో ఉంది. నిలువెత్తు బొగ్గు బొమ్మ. కుర్చీలో ఒక స్త్రీ నిటారుగా కూర్చుని, రెండు కళ్ళూ చక్కగా తెరిచి, ఎదుటివాళ్ళను సూటిగా చూస్తోంది. కింద చీటీ మీద కొలతల పిల్ల పేరు.

ఆమె ఆ బొమ్మ పక్కన నిలబడింది. మనిషి సగమైపోయింది, ఎడమ భుజం జారింది, రెప్ప దాదాపు మూసుకుంది. ఒక పెద్దావిడ బొమ్మను మెచ్చుకుంటూ, దారికడ్డంగా ఉన్న ఆమెను కాస్త జరగమంది.

"ఆ బొమ్మలో ఉన్నది ఈవిడేనండీ," అంది మరదలు, ఉండబట్టలేక.

పెద్దావిడ బొమ్మను చూసింది, ఆమెను చూసింది, మళ్ళీ బొమ్మను చూసింది. "అవునా? పోలికలు లేవే," అని మర్యాదగా నవ్వి ముందుకు కదిలింది.

కొలతల పిల్ల అప్పటికే పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల కూడా చిక్కిపోయింది. "బహుమతి వద్దని చెప్పాను పిన్నీ. పేర్లు పంపేశాం, కుదరదన్నారు."

"దీన్ని సరిచెయ్యి."

"ఏంటి పిన్నీ?"

"ఆ కన్ను. ఎలా ఉందో అలా దించు. ఇప్పుడే."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "గోడకు పెట్టే ముందు బొగ్గు రాలకుండా మందు కొడతారు పిన్నీ. కొట్టాక ఇక చెరగదు. రుద్దితే కాగితం చిరుగుతుంది గానీ గీత పోదు."

హాలు అవతలి కొసన మాస్టారు నిలబడి ఉన్నాడు. ఆమెను చూశాడు. మొదటిసారి, పోత ఏదీ పక్కన లేకుండా, నేరుగా ఆమె ముఖాన్నే చూశాడు. ఎంతోసేపు చూడలేకపోయాడు. ఎవరో పలకరిస్తే వాళ్ళకు నమస్కారం పెట్టి, ఆ వంకతో అటు తిరిగాడు.

ఆమె హాలు మధ్యలో చూసేవాళ్ళ కోసం వేసిన చెక్క బల్ల మీద కూలబడింది. కాసేపు దగ్గింది. మరదలు నీళ్ళు పట్టించింది. జనం రాయికి ఇటూ అటూ నీళ్ళు పారినట్టు ఆమెను తప్పించుకుంటూ నడుస్తున్నారు.

"కాగితం ఉందా నీ దగ్గర?" అంది ఆమె.

పిల్ల సంచీలోంచి పుస్తకం తీసింది. కింద నేల మీద, ఆమె మోకాళ్ళకు ఎదురుగా కూర్చుంది. ఆమె జుట్టుకు గుచ్చిన పిన్నులు రెండూ తీసి మరదలి చేతిలో పెట్టి, ముఖం పిల్ల వైపు తిప్పింది.

పిల్ల గీత పెట్టింది. ఆమె దగ్గింది. ముఖమంతా ఊగింది. పిల్ల బొగ్గు కాగితం మీంచి తీసి ఆగింది.

"ఆగకు."

"కదులుతున్నావు పిన్నీ."

"కదులుతూనే ఉంటాను. గియ్యి."

మరదలు వెనక నిలబడి వదిన వీపు పట్టుకుంది. పిల్ల గీస్తోంది, ఆగుతోంది, మళ్ళీ గీస్తోంది. ఒకటి రెండు జంటలు ఆగి వంగి చూసి, ఇది కూడా ప్రదర్శనలో భాగమేమోనని గుసగుసలాడి వెళ్ళిపోయాయి. తలుపులు మూసే వేళైందని కాపలా మనిషి ఒకసారి చెప్పి వెళ్ళాడు, రెండోసారి వచ్చి చెప్పలేక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

దీపాలు ఒక్కొక్క వరసే ఆర్పుతుండగా పిల్ల తేదీ వేసింది. కాగితం మీద ఒక్క కన్నే పూర్తయింది. ఎడమది.